పండుగలు లేని ఆదివారములు: జాన్ కీబుల్ జీవితము

క్రిస్మసు, ఈస్టరు, పెంతెకొస్తు పండుగలు గడచిన పిమ్మట, త్రిత్వ ఆదివారము మొదలుకొని ఆగమన కాలము వరకు, సంఘ సంవత్సరములో దాదాపు సగభాగము పెద్ద పండుగ లేకయే జరుగును. ఈ కాలమున ఆరాధనకు వచ్చువారు తగ్గుటయు, ఇంటి ప్రార్థన సన్నగిల్లుటయు మనమెరిగినదే. ఇట్టి ఆదివారములను ప్రేమించిన ఒక పల్లెటూరి గురువు జీవితమును ఈ మాసము ధ్యానింతము.

జాన్ కీబుల్ 1792 ఏప్రిల్ 25వ తేదీన ఇంగ్లాండులోని ఫెయిర్‌ఫర్డ్ అను ఊరిలో జన్మించెను. తండ్రియు గురువే. ఆయన ఇంటియొద్ద తండ్రివలన చదువు నేర్చుకొని, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో గొప్ప పేరు పొందెను. అయితే 1823లో తల్లి మరణించగా, అక్కడి ఉద్యోగమును విడిచి, వృద్ధుడైన తండ్రికి తోడుగా పల్లె సంఘములలో పనిచేయ వచ్చెను.

1827లో ఆయన తన పేరు వేయకుండ ఒక పద్యముల పుస్తకమును ప్రకటించెను. క్రైస్తవ సంవత్సరము అని దాని పేరునకు అర్థము. ఆయన పండుగలకు మాత్రమే వ్రాసి ఊరకుండలేదు. త్రిత్వ ఆదివారము తరువాత వచ్చు ఆదివారములలో ఒక్కటియు విడువక, ప్రతిదానికి ఒక పద్యము వ్రాసెను. 1873 నాటికి ఆ పుస్తకము 158 సార్లు ముద్రింపబడెను.

1836లో ఆయన హర్స్‌లీ అను పల్లెకు గురువుగా వచ్చి, మరణము వరకు 30 సంవత్సరములు అక్కడనే నిలిచెను. రోగులను దర్శించుట, పిల్లలకు బోధించుట, యౌవనస్థులను ప్రభు భోజనమునకు సిద్ధపరచుట, ఇదియే ఆయన పని. పుస్తకమువలన వచ్చిన ధనముతో ఆ ఊరి దేవాలయమును తిరిగి కట్టించెను.

ఆయనకు శోధన రాకపోలేదు. 1845లో ప్రియమిత్రుడైన జాన్ హెన్రీ న్యూమన్ ఇంగ్లాండు సంఘమును విడిచి రోమా సంఘములో చేరెను. అనేకులు కలత చెందిరి. కీబుల్ హృదయము గాయపడెను. అయినను తన సంఘమును గాని, తన పల్లెను గాని విడువలేదు. మిత్రునిపై పగ పట్టలేదు. 20 సంవత్సరముల తరువాత న్యూమన్ హర్స్‌లీకి రాగా, ఆయనను తన యింట చేర్చుకొనెను. 1866 మార్చి 29వ తేదీన కీబుల్ ప్రభువునందు నిద్రించెను.

ఆ గాయమును సహించుటకు బలము ఆయనకు ఒక్క దినమున కలుగలేదు. పేరులేని ఆదివారములలో కొంచెము కొంచెముగా కూడినదే ఆపదలో ఆయనను నిలిపెను.

ప్రియ చదువరులారా, మార్కు సువార్త 4వ అధ్యాయములో విత్తనము ఎవరికిని తెలియకుండ పెరుగుటను గూర్చి మన ప్రభువు చెప్పెను. నాట్లకును కోతకును నడుమ పొలములో సందడి ఉండదు. ఎదుగుదల దేవునిదే, అయినను కలుపు తీయుట, నీరు పెట్టుట రైతు మానడు. ఈ మాసములో ప్రతి శనివారము రాత్రి, మరునాటి పాఠమును ఇంటిల్లిపాది కలిసి చదువుకొని ప్రార్థింతుము గాక.

ధ్యానమునకు: మార్కు 4:26-29