బొమ్మ గీసి యంత్రాన్ని నిలిపిన అల్ జజరీ

నేడు కర్మాగారాల్లో యంత్రాలను నడిపేది కంప్యూటర్. ఏ మోటారు ఎప్పుడు తిరగాలో, ఏ వాల్వు ఎప్పుడు మూసుకోవాలో దానికి తెలియజేయడానికి ఇంజనీర్లు చాలాచోట్ల తెరమీద బొమ్మ గీస్తారు. నిచ్చెన మెట్లలా గీతలు గీసి, గడులను ఒకదానితో ఒకటి కలిపితే ఆ బొమ్మే యంత్రానికి ఆజ్ఞ అవుతుంది. 1993లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణంలో ఈ పద్ధతికి చోటు దక్కింది. ఈ సంగతి చదివినప్పుడు ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఒక ముస్లిం శిల్పి మాకు గుర్తుకొస్తాడు. ఆయన బదీఉజ్జమాన్ ఇస్మాయీల్ అల్ జజరీ.

దజ్లా, ఫురాత్ నదుల నడుమ ఎగువ ప్రాంతాన్ని అరబ్బులు అల్ జజీరా అనేవారు. ఆయన పేరులోని జజరీ అన్నమాట అక్కడిదే. ఆమిద్ నగరంలో, అంటే నేటి తుర్కియేలోని దియార్‌బకర్‌లో, అర్తుఖీ వంశపు పాలకుల కొలువులో పనిచేశాడు. హిజ్రీ 570, అంటే క్రీ.శ. 1174 ప్రాంతంలో కొలువులో చేరి మొదట తండ్రిని, తరువాత పెద్ద కుమారుణ్ణి, ఆ తరువాత చిన్న కుమారుడు నాసిరుద్దీన్ మహమూద్‌ను సేవించాడు. ఇదంతా ఆయన తన గ్రంథం పీఠికలో చెప్పుకున్నదే.

ఆ గ్రంథం పుట్టుక కూడా తెలుసుకోదగినది. జజరీ చేసిన యంత్రాలను చూసిన నాసిరుద్దీన్, ఈ శ్రమ మీతోనే పోకూడదు, వీటిని బొమ్మలతో సహా రాసిపెట్టండని కోరాడు. జజరీ ఒప్పుకున్నాడు. 1206లో పూర్తయిన ఆ గ్రంథంలో యాభై పరికరాలున్నాయి. దాని పేరులో హియల్ అన్న మాట ఉంది. ఉర్దూలో హీలా అంటే మనకు సాకు, బహానా అనే గుర్తు. అరబీలో ఇక్కడ దాని అర్థం యుక్తి. తెలుగు మాటే దానికి దగ్గరగా ఉంది.

వాటిలో మొదటిది కోట రూపంలోని పెద్ద నీటి గడియారం. గంట గంటకూ తలుపు తెరుచుకునేది, డేగ బొమ్మలు కంచు తాళాలపై గుండ్లు జారవిడిచేవి. చూసేవారికి అదే వింత. అసలు పనితనం మాత్రం లోపల ఉంది. ఆ కాలంలో సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పగటిని పన్నెండు భాగాలు చేసి ఒక్కో భాగాన్ని గంట అనేవారు. కాబట్టి వేసవిలో గంట పొడవు, చలికాలంలో పొట్టి. ఏడాది పొడవునా గడియారం సరిగా నడవాలంటే నీరు కారే వేగం రోజూ మారాలి.

తొట్టెలో నీటిమట్టం తగ్గేకొద్దీ ధార మందగిస్తుంది. అందుకని నీటిపై తేలే బిరడా ఒకటి అమర్చారు. మట్టం పెరిగితే అది పైకి లేచి నీటి దారి మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. ఎవరూ కాపలా ఉండనక్కరలేదు. ఇక ధార బయటికొచ్చే రంధ్రాన్ని తిరిగే గుండ్రటి బిళ్లలో పెట్టి, చుట్టూ పన్నెండు రాశుల గుర్తులు వేశాడు. (ఇది జ్యోతిషం కాదు, సూర్యుని స్థానం తెలిపే లెక్క.) సూర్యుడు ఆ రోజు ఎక్కడున్నాడో అక్కడికి బిళ్ల తిప్పితే చాలు. రంధ్రం కిందికి జరిగితే ధార పెరుగుతుంది, పైకి జరిగితే తగ్గుతుంది. ఈ గుర్తులకు ముందుగా పూర్వుల పద్ధతులనే తీసుకున్నాడు. చేసి చూస్తే లెక్క కుదరలేదు. ఒకటి తరువాత ఒకటి మార్చి మార్చి చివరికి సరైన విభజన సాధించాడు. స్వయంగా పరీక్షించనిదాన్ని నమ్మకపోవడం ఆయన తత్వం.

మరొక పరికరం నీటిపై తేలే పడవ. అందులో వాద్యగాళ్ల బొమ్మలున్నాయి. తిరిగే ఇరుసుకు మేకులు దిగ్గొట్టి ఉంటాయి, అవి మీటలను నొక్కితే బొమ్మల చేతులు డప్పు వాయిస్తాయి. మేకుల చోటు మారిస్తే దరువు మారుతుంది. మేకులు కొట్టిన ఆ ఇరుసే ఒక రకంగా ప్రోగ్రాం. ఇది రాజుల మద్యపాన సభల కోసం చేసినదని దాచనక్కరలేదు. ఆ వినోదాన్ని మేము మెచ్చుకోము, యుక్తిని మాత్రం మెచ్చుకోక తప్పదు. దీనికి పక్కనే వుజూ పరికరమూ ఉంది. వుజూ చేసేటప్పుడు సేవకులు తన చేతులపై నీళ్లు పోయడం పాలకునికి నచ్చక, తానే వాడుకునేలా ఏదైనా చేయమని అడిగితే జజరీ దాన్ని తయారుచేశాడు.

బొమ్మల విషయంలోనూ ఆయన శ్రద్ధ అంతే. ప్రతి భాగానికీ ఒక అక్షరం పెట్టాడు. పక్కనున్న వివరణలో అదే అక్షరంతో ఆ భాగం కొలత, తయారీ, అమరిక చెప్పాడు. బొమ్మ ఒక్కటే చూస్తే అర్థం కాదు, మాట ఒక్కటే చదివినా అర్థం కాదు. రెండూ కలిస్తే, జజరీని ఎన్నడూ చూడని కంచరి కూడా యంత్రాన్ని కట్టగలడు.

1206లోనే తయారైన ఒక ప్రతి ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ గ్రంథాలయంలో ఉంది. 1974లో డొనాల్డ్ హిల్ ఆ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. రెండేళ్ల తరువాత, 1976లో లండన్‌లో ఇస్లామీ ప్రపంచ ఉత్సవం జరిగినప్పుడు, అక్కడి సైన్స్ మ్యూజియం వారు జజరీ పెద్ద నీటి గడియారాన్ని తిరిగి కట్టారు. అది నడిచింది.