కుర్చీ ఎక్కాక పార్టీ లేదు

నీలం సంజీవరెడ్డి గారంటే మనలో చాలామందికి ఒకప్పటి రాష్ట్రపతి అని మాత్రమే తెలుసు. పోటీ పరీక్షల పుస్తకంలో ఒక బిట్టు, అంతే. నాకు మాత్రం ఆయన జీవితంలో బాగా నచ్చింది లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన కాలం. పార్లమెంటు ఎట్లా నడుస్తుందో నాకు కాస్త అర్థమైందంటే ఆ కథ వల్లే.

1913 మే 19న మన జిల్లా ఇల్లూరులో రైతు కుటుంబంలో పుట్టారు. మద్రాసు అడయారులో హైస్కూలు, తర్వాత మన టౌన్‌లోని ఆర్ట్స్ కాలేజీ. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చిపోయాక ఆయన మనసు చదువు మీద నిలవలేదు. 1931లో కాలేజీ వదిలి ఉద్యమంలోకి దిగారు. 1940, 1945 మధ్య ఎక్కువ కాలం జైల్లోనే గడిచింది. (బ్యాక్‌లాగ్‌లు ఉన్నోళ్లు దీన్ని సాకుగా వాడుకోవద్దు!)

1956లో ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. రెండోసారి ఆ పదవిలో ఉండగా, బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టిందని 1964లో రాజీనామా చేశారు. అదే ఏడాది కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రి అయ్యి, రాజ్యసభకు వెళ్లారు.

రాజ్యసభ సంగతి చూడండి. దాన్ని రద్దు చేయడం కుదరదు. సభ్యుల పదవి ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. మన సభ్యులను మన ఎమ్మెల్యేలే ఎన్నుకుంటారు. అధ్యక్ష స్థానంలో ఉపరాష్ట్రపతి కూర్చుంటారు.

1967లో ఆయన హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకర్ అయ్యారు. వెంటనే ముప్పై ఏళ్లకు పైగా ఉన్న కాంగ్రెస్ పార్టీ సభ్యత్వం వదిలేశారు. అట్లా చేయాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఎవరు మాట్లాడాలో, ఏ తీర్మానం చర్చకు రావాలో తేల్చే మనిషి ఒక జట్టువాడైతే రెండో జట్టు ఎందుకు నమ్మాలి? రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజే ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు అనుమతించారు. అప్పుడున్నది కాంగ్రెస్ ప్రభుత్వమే.

1968లో ఆయన హయాంలోనే షెడ్యూల్డ్ కులాల, తెగల సంక్షేమ కమిటీ ఏర్పడింది. లోక్‌సభ నుంచి 20 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. మంత్రులకు అందులో చోటు లేదు. వందల మంది ఉన్న సభలో ప్రతి ఫైలూ చూడటం అయ్యే పని కాదు. అందుకే అన్ని పార్టీలవాళ్లూ ఒక గదిలో కూర్చుని, అధికారులను పిలిపించి, ప్రశ్నలడిగి రిపోర్టు రాస్తారు.

1993లో శాఖలవారీ స్థాయీ సంఘాలు వచ్చాయి. ఇప్పుడు అవి 24. ఒక్కోదాంట్లో 31 మంది: లోక్‌సభ 21, రాజ్యసభ 10. ఎనిమిది సంఘాలు రాజ్యసభ ఛైర్మన్ కింద ఉంటాయి. మన చదువుల సంగతి చూసే విద్యా కమిటీ వాటిలో ఒకటి. వానరాక శనక్కాయ ఎండిపోయిన మన రైతుకు పంటబీమా ఎందుకు అందలేదని అధికారిని అడగగలిగేది కూడా ఇట్లాంటి గదిలోనే. టీవీలో కనిపించే అరుపుల కన్నా ఆ గదిలో అడిగే ప్రశ్నే మనకు అవసరం.

1969లో రాష్ట్రపతి ఎన్నిక కోసం స్పీకర్ పదవి వదిలారు. కాంగ్రెస్ అభ్యర్థే అయినా, ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రకారం ఓటేయమనడంతో వి.వి.గిరి గెలిచారు. ఉన్న పదవి పోయింది, కోరుకున్నది రాలేదు. ఆయన అనంతపురం వచ్చి సేద్యం చేసుకున్నారు. 1977లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన ఒక్క నంద్యాల జనతా పార్టీ తరఫున ఆయనది. మళ్లీ స్పీకర్, కొన్ని నెలలకే పోటీ లేకుండా రాష్ట్రపతి. 1996 జూన్ 1న బెంగళూరులో కన్నుమూశారు.

1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టంలో, స్పీకర్‌గా ఎన్నికైనవాళ్లు పార్టీ వదిలేసినా సభ్యత్వం పోదని రాశారు. అంటే ఆయన చేసిన పనికి ఇప్పుడు చట్టంలోనే దారి ఉంది. నడిచే మనిషే కావాలి.