ఇస్త్రీ పెట్టె వెనక ఉన్న గణితజ్ఞుడు

ఇస్త్రీ పెట్టె లైటు వెలగడం, ఆరడం రోజూ చూస్తుంటాం. వేడి తగ్గితే హీటర్‌ ఆన్‌, పెరిగితే ఆఫ్‌. అది థర్మోస్టాట్‌ పని. దీన్నే కంప్యూటర్‌ సిమ్యులేషన్‌లో పెట్టమంటే రెండు లైన్ల కోడ్‌ రాసేసి పనైపోయిందనుకుంటాం. అక్కడే తేడా కొడుతుంది. హీటర్‌ దగ్గర పుట్టిన వేడి సెన్సర్‌ను చేరడానికి సమయం పడుతుంది. ఆ ఆలస్యాన్ని లెక్కగట్టే దారి చూపిన వ్యక్తి జోసెఫ్‌ ఫోరియర్‌.

ఆయన 1768లో ఫ్రాన్స్‌లోని ఒసేర్‌లో ఓ దర్జీ ఇంట పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. లెక్కల్లో దిట్ట. సైన్యంలో అధికారి కావాలనుకుంటే, ఉన్నత వంశంలో పుట్టలేదని తలుపులు మూసేశారు. ఫ్రెంచి విప్లవ కాలంలో జైలుకూ వెళ్లారు. బయటికొచ్చాక పారిస్‌లో పాఠాలు చెప్పారు. 1798లో నెపోలియన్‌ వెంట ఈజిప్టు వెళ్లారు. తిరిగొచ్చాక గ్రెనోబుల్‌లో పాలనాధికారి అయ్యారు. మన కలెక్టర్‌ లాంటి ఉద్యోగమన్నమాట. చిత్తడి నేలల్లో నీరు తోడించడం, రోడ్లు వేయించడం ఆయన పనులే.

ఆ ఒత్తిడిలోనూ చదువు వదల్లేదు. ఇనుప కడియాన్ని వేడిచేసి, దానికి థర్మామీటర్లు అమర్చి, వేడి ఎలా పాకుతుందో కొలిచారు. 1807లో ఆ సిద్ధాంతాన్ని పారిస్‌ పండితుల ముందుంచారు. లగ్రాంజ్‌ లాంటి మహామహులు ఒప్పుకోలేదు. తర్వాత పోటీలో బహుమతి వచ్చినా, లెక్కలో పట్టు చాలదన్న విమర్శ తప్పలేదు. ఫోరియర్‌ ఆగలేదు. 1822లో పూర్తి గ్రంథం అచ్చయింది. 1830లో పారిస్‌లో కన్నుమూశారు.

ఆయన పద్ధతిలో మనకు పనికొచ్చేది ఒకటుంది. వస్తువు లోపల వేడి ఎలా సాగుతుందో చెప్పేది ఒక సమీకరణం. దాని ఉపరితలం దగ్గర ఏం జరుగుతుందో చెప్పేది వేరే నియమం. థర్మోస్టాట్‌ లోపలి సమీకరణాన్ని మార్చదు. హీటర్‌ ఇచ్చే వేడిని మాత్రమే మారుస్తుంది.

సిమ్యులేషన్‌ చేసేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, మొత్తం వస్తువు సగటు ఉష్ణోగ్రతను కాదు, సెన్సర్‌ ఉన్న చోటి ఉష్ణోగ్రతను చూడాలి. రెండు, ఆన్‌కూ ఆఫ్‌కూ ఒకే అంకె పెట్టొద్దు. 60 డిగ్రీలు కావాలంటే 58 దగ్గర ఆన్‌, 62 దగ్గర ఆఫ్‌ అనుకోండి. మధ్యలో ఉన్నప్పుడు పాత స్థితే కొనసాగాలి. ఒకే అంకె పెడితే హీటర్‌ అడుగడుగునా ఆరి వెలుగుతూ ఉంటుంది. మూడు, టైమ్‌ స్టెప్‌ పెద్దదైతే ఉష్ణోగ్రత ఒక్క దూకులో హద్దు దాటిపోతుంది. అది నిజం వేడి కాదు, లెక్క తప్పు.

ఇంకో మాట. ఇవన్నీ సరిగ్గా ఉన్నా గ్రాఫ్‌ 62 దాటి కొంచెం పైకి వెళ్లొచ్చు. కంగారుపడి కోడ్‌ మార్చకండి. హీటర్‌ ఆగాక కూడా అప్పటికే బయల్దేరిన వేడి సెన్సర్‌ వైపు వస్తూనే ఉంటుంది. ఏది కోడ్‌ తప్పు, ఏది వేడి స్వభావం అన్నది ఇంటర్వ్యూలో విడమర్చి చెప్పగలిగితే, సాఫ్ట్‌వేర్‌లో బటన్లు నొక్కడమే కాదు, సబ్జెక్టూ మీకు వచ్చని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది.