ఇసబెల్ కెర్

నిజామాబాదు పట్టణమునకు సమీపమున డిచ్‌పల్లి యను గ్రామము కలదు. అచ్చటి ప్రాచీన రామాలయమును చూచుటకు జనులు వత్తురు. ఆ యూరికి మఱియొక ప్రసిద్ధియు గలదు. కుష్ఠురోగుల కొఱకు వెలసిన ఆసుపత్రి దానికి కారణము. దానిని నెలకొల్పినది ఇసబెల్ కెర్ అను వైద్యురాలు.

ఆమె 1875వ సంవత్సరమున స్కాట్లండు దేశమున ఒక రైతు యింట జన్మించెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదైన ఆ కాలమున అబర్డీను విశ్వవిద్యాలయమున చదివి 1903లో పట్టము నందెను. పాదరీయగు జార్జి కెర్‌ను వివాహమాడి, 1907లో ఆయనతో హైదరాబాదు రాజ్యమునకు వచ్చి, నిజామాబాదునందు వైద్యము చేయసాగెను.

ఆ దినములలో కుష్ఠువు సోకినవాని గతి మరణముకంటె దుర్భరము. ఆ వ్యాధి సూక్ష్మజీవివలన కలుగునని హాన్సెను అను నార్వే వైద్యుడు 1873లోనే కనుగొనియుండెను. అయినను అది పూర్వజన్మ పాపఫలమను నమ్మకము జనులను విడువలేదు. అయినవారే రోగిని ఇల్లు వెడలగొట్టుచుండిరి. అతడు ఊరి వెలుపల ఏ చెట్టుక్రిందనో చేరి, దారిన బోవువారు విసరిన కబళముతో ప్రాణము నిలుపుకొనవలసినదే. అట్టివారు ఆసుపత్రి గుమ్మము చేరినను అచ్చట చోటు లేకుండెను. ఇతర రోగుల మధ్య వారి నుంచుట సాధ్యము కాదు. మరలింపగా పోవుటకు వారికి ఇల్లు లేదు. ఇసబెల్‌కు ఇది తీరని వేదన యయ్యెను.

1911లో ఆమె వారి కొఱకు ప్రత్యేకముగా ఒక ఆశ్రయమును ప్రారంభించెను. రాజా నర్సాగౌడు అను హిందూ దాత విరివిగా ధనమిచ్చెను. మతభేదము నెంచక ఆయన చేసిన యీ సాయము మఱువరానిది. 1915 నాటికి డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠురోగ చికిత్సాలయము వెలసెను.

చోటు దొరకినది; మందేది? చాల్ముగ్ర నూనె మన దేశమున చిరకాలముగా వాడుకలో నున్నదే. కాని త్రాగినచో వాంతులగుటచే రోగులు దానిని మానివేయుచుండిరి. లెనార్డు రోజర్సు, ఎర్నెస్టు మ్యూర్ అను వైద్యులు కలకత్తాలో ఆ జాతి నూనెలను సూదిమందుగా నిచ్చు పద్ధతిని వృద్ధిచేసిరి. ఇసబెల్ దానిని డిచ్‌పల్లిలో అవలంబించెను. సూదిపోటు బాధాకరము, చికిత్స నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి సాగవలెను. తొలిదశలో వచ్చినవారికి గుణము కనిపించెడిది. ముదిరినవారికి అంతగా ఫలింపకుండెను. అయినను, చచ్చుటకు కాక బ్రతుకుటకు ఆసుపత్రికి పోవచ్చునను ఆశ ఆ రోగులకు క్రొత్త.

1923లో ప్రభుత్వము ఆ దంపతులను కైజర్-ఇ-హింద్ పతకముతో గౌరవించెను. 1932 జనవరిలో ఇసబెల్ అకస్మాత్తుగా మరణించెను. ఆమె భర్త మఱికొన్ని సంవత్సరములు ఆ పనిని సాగించెను. రోగమును నిజముగా కుదుర్చగల డాప్సోను వంటి మందులు 1940వ దశకమున గాని రాలేదు. దిక్కులేని కుష్ఠురోగులను నిర్బంధించి యుంచుటకు బ్రిటిషు ప్రభుత్వము 1898లో చేసిన చట్టము మాత్రము 2016లో గాని రద్దు కాలేదు.