ఆగ్రా ఎండలలో కాబూలు శరత్తు

మొగలు వంశ స్థాపకుడైన బాబరు 1483లో ఫర్గనా సీమలో జన్మించినాడు. తండ్రి మరణించగా 1494లో, పసితనం వీడకముందే, రాజ్యభారం వహించినాడు. సమర్ఖందును గెలిచినాడు, పోగొట్టుకొన్నాడు. కన్ననేలను సైతం విడిచి 1504లో కాబూలును వశపరచుకొన్నాడు. ఈ యుద్ధాల కథ పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. తుర్కీ భాషలో అతడు వ్రాసుకొన్న స్వీయచరిత్ర చదివినవారికి మాత్రం మరొక బాబరు కనిపిస్తాడు.

మనకు శరత్తు అంటే తేటపడిన ఆకాశం, పిండారబోసినట్టి వెన్నెల. కాబూలు సీమలో అది ద్రాక్షలు పండే కాలం, ఆకులు రాలబోయే ముందు రంగులు మారే కాలం. 1519 శరత్తులో ఆ ప్రాంతపు తోటలలో తిరుగుతూ బాబరు ఒక లేత ఆపిల్ చెట్టు వద్ద నిలిచిపోయినాడు. కొమ్మకు అయిదారు ఆకులు మాత్రమే మిగిలి, రంగు తిరిగి ఉన్నవి. ఎంతటి చిత్రకారుడికైనా ఆ శోభను దించడం అసాధ్యమని అతనికి తోచినది. ఇస్తాలిఫులో తన పినతండ్రి బలవంతాన లాగుకొన్న ఒక తోటకు, అసలు హక్కుదారులకు వెల చెల్లించి మరీ స్వంతం చేసుకొన్నవాడతడు.

అటువంటివాడు 1526 ఏప్రిల్‌లో పానిపట్టున ఇబ్రహీం లోడీని జయించి, మే నెలలో ఆగ్రా చేరినాడు. దొరికిన ధనాన్ని పంచిపెట్టి, కాబూలు ప్రజలకు స్త్రీపురుష భేదం లేక, బానిసలతో సహా, తలకొక వెండి నాణెం పంపినాడు. విజయోత్సాహం అంతటితో సరి. ఆ యేటి ఎండలు మహాదారుణం. వడగాడ్పులకు సైనికులు ఉన్నచోటనే కూలిపోయినారు. చుట్టుపట్ల పల్లెలవారు భయంతో పారిపోగా మనుష్యులకు ధాన్యమూ లేదు, గుర్రాలకు మేతా లేదు. కొండగాలికి అలవాటుపడిన సేనాధిపతులు ఒక్కరొక్కరే తిరుగుప్రయాణం మాట ఎత్తినారు.

వారి మాట వింటే పానిపట్టు మరొక దోపిడీ దండయాత్రగా ముగిసి ఉండేది. బాబరు సభ తీర్చినాడు. ఇన్నేళ్ల శ్రమతో, ఇందరి ప్రాణాలతో సంపాదించిన రాజ్యాన్ని ఏ శత్రువూ తరమకుండానే విడిచి, కాబూలు పేదరికానికి మరలడమెందుకని అడిగినాడు, నిలువలేనివారు పోవచ్చునన్నాడు. చాలమంది నిలిచినారు. పానిపట్టులో అండగా పోరాడిన ఖ్వాజా కలాన్ మాత్రం నిలువలేదు. పోతూ పోతూ ఢిల్లీలోని తన యింటి గోడపై ఈ దేశాన్ని ఎత్తిపొడుస్తూ పద్యం వ్రాసి పోయినాడు. బాబరుకు అది కష్టం కలిగించినది. పద్యంతోనే బదులు చెప్పినాడు.

ఆ పద్యానికి నొచ్చుకొన్నవాడే స్వయంగా ఈ దేశపు లోపాలను పెద్ద పట్టికగా వ్రాసినాడు. మంచి ద్రాక్షలు లేవు, ఖర్బూజాలు లేవు, మంచుగడ్డ లేదు, చల్లని నీరు లేదు! ఇందులో కొంత అన్యాయం లేకపోలేదు. మన మామిడిపండును సైతం అతడు ఆచితూచి మెచ్చినాడు. వానకాలపు గాలిని మాత్రం మనసారా పొగడినాడు, ఆ తేమకు విండ్లు చెడిపోతాయని విసుగుకొంటూనే.

ఎండ, గాలి, దుమ్ము — ఈ మూడు బాధలకూ స్నానశాల ఒక్కటే మందని తలచి, యమున ఆవలి ఒడ్డున బావి త్రవ్వించి, స్నానశాల కట్టించి, తోట వేయించినాడు. అంత తీరుగా నాటిన తోటలను మునుపెన్నడూ చూడని స్థానికులు ఆ ఒడ్డుకు కాబూలు అని పేరు పెట్టినారు.

1527లో మద్యం మానినాడు. 1529లో ఖ్వాజా కలానుకే వ్రాసిన లేఖలో తన మనస్సు విప్పినాడు. కాబూలు ఖర్బూజా ఒకటి చేతికి వస్తే, దానిని కోసి తింటూ కన్నీరు ఆపుకొనలేకపోయినాడట. ఇక్కడి పనులు చక్కబడగానే బయలుదేరుతానని ఆశపడినాడు. బల్ఖు తోటమాలి చేత ఆగ్రా తోటలోనే ఖర్బూజాలు పండించినాడు కూడ.

ఆ ప్రయాణం సాగలేదు. 1530 డిసెంబరులో, నలభై యేడవ యేట, ఆగ్రాలో మరణించినాడు. మొదట యమున ఒడ్డుననే సమాధి చేసినారు. కొన్నేళ్ల తరువాత అస్థికలను కాబూలుకు చేర్చి, కొండవాలున అతడు కోరిన తోటలో ఉంచినారు.