రుడాల్ఫ్ డీజిల్

రుడాల్ఫ్ క్రిస్టియన్ కార్ల్ డీజిల్ (మార్చి 18, 1858 - సెప్టెంబరు 29, 1913) జర్మనీకి చెందిన ఇంజనీరు, డీజిల్ ఇంజను సృష్టికర్త. ఇతని ఇంటిపేరే ఇంజనుకూ, అందులో వాడే ఇంధనానికీ పేరుగా స్థిరపడింది. మంచు తయారుచేసే యంత్రాలతో ఉద్యోగ జీవితం ప్రారంభించిన ఇతడు, చలిని అంతగా ఓర్చుకోలేని ఇంజనును లోకానికి అందించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

డీజిల్ పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు థియోడర్, ఎలీస్ బవేరియా ప్రాంతం నుండి వలస వచ్చినవారు. తండ్రి పుస్తకాల బైండింగు, తోలు వస్తువుల తయారీ వృత్తిగా జీవించేవాడు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం రావడంతో కుటుంబం పారిస్ విడిచి లండన్ చేరవలసి వచ్చింది. అప్పటికి పన్నెండేళ్ళవాడైన రుడాల్ఫ్‌ను చదువు నిమిత్తం ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపారు. ఆ ఇంటి యజమాని గణిత బోధకుడు.

తరువాత మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలో శీతలీకరణ శాస్త్రంలో ప్రఖ్యాతుడైన కార్ల్ ఫాన్ లిండే వద్ద చదివాడు. 1879లో టైఫాయిడ్ సోకడం వల్ల పరీక్షకు హాజరు కాలేక, 1880 జనవరిలో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ ఏడే పారిస్ వెళ్ళి లిండే సంస్థ మంచు కర్మాగారపు పనిలో చేరాడు. 1883లో మార్తా ఫ్లాషెను వివాహమాడాడు. వీరికి ముగ్గురు సంతానం.

ఇంజను రూపకల్పన

ఆనాటి ఆవిరి యంత్రాలు బొగ్గులోని శక్తిలో పదోవంతును మాత్రమే పనిగా మార్చగలిగేవి. ఈ వృథాను అరికట్టాలన్నది డీజిల్ లక్ష్యం. మొదట అమ్మోనియా ఆవిరితో నడిచే యంత్రంపై ప్రయోగాలు చేశాడు. అది పేలడంతో తీవ్రంగా గాయపడి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. అనంతరం మార్గం మార్చుకున్నాడు. గాలిని బాగా అణచిపెడితే అది విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడిలోకి ఇంధనాన్ని చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే మండుతుంది. ఈ సూత్రానికి 1892లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1893లో పొందాడు.

ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం, క్రుప్ సంస్థ ఇతనికి అండగా నిలిచాయి. 1893 ఆగస్టులో జరిగిన తొలి పరీక్షలో పీడనాన్ని కొలిచే పరికరం పేలిపోయింది. 1894 ఫిబ్రవరిలో ఇంజను తనంతట తాను ఒక నిమిషం పాటు నడిచింది. 1897లో ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ జరిపిన పరీక్షలో దాని సామర్థ్యం 26.2 శాతంగా తేలింది. ఇది ఆవిరి యంత్రాల సామర్థ్యానికి రెండున్నర రెట్లు.

వేరుశనగ నూనె

1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. ముడిచమురు దొరకని ప్రాంతాలు తమ పొలాలలో పండే నూనెలతోనే యంత్రాలు నడుపుకోగలవని డీజిల్ విశ్వసించాడు. 1912 నాటికి కూడా ఈ అభిప్రాయాన్ని వ్యక్తపరిచాడు. అయితే చౌకగా లభించిన పెట్రోలియం నూనెయే ఇంజనుకు ఆధారమైంది.

చివరి దశ, మరణం

ఆవిష్కరణ ద్వారా గడించిన సంపద పేటెంటు వివాదాల వల్ల, తప్పుడు పెట్టుబడుల వల్ల హరించుకుపోయింది. ఆరోగ్యమూ దెబ్బతిన్నది. 1913 సెప్టెంబరు 29న ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరాడు. రాత్రి భోజనానంతరం తన గదికి వెళ్ళిన ఇతడు మరునాటి ఉదయం కనబడలేదు. పడక నలగలేదు. కొన్ని రోజుల తరువాత సముద్రంలో దొరికిన శవంపై ఉన్న వస్తువులను కుమారుడు యూజిన్ గుర్తించాడు. అది ఆత్మహత్య అని ఎక్కువమంది భావించినా, హత్య అనే అనుమానాలూ ఉన్నాయి. నిజం తేలలేదు.

చలికాలపు సమస్య

అణచిన గాలి వేడిపైనే ఆధారపడుతుంది కనుక, చల్లబడిన ఇంజనులో ఆ వేడిని లోహం పీల్చుకొని ఇంధనం అంటుకోదు. దీనికి హీటర్ ప్లగ్గులు అమర్చుతారు. రెండవ చిక్కు ఇంధనానిది. డీజిలులో మైనం వంటి పదార్థాలు సహజంగా ఉంటాయి. చలికాలంలో కొబ్బరినూనె పేరుకున్నట్లే, బాగా చల్లబడినపుడు ఈ మైనం స్ఫటికాలుగా మారి ఫిల్టరును మూసివేస్తుంది.

దీని నివారణకు ఎథిలీన్ వినైల్ ఎసిటేట్ వంటి సంకలితాలను స్వల్పంగా కలుపుతారు. ఇవి మైనాన్ని తొలగించవు. స్ఫటికాలు పెద్దవి కాకుండా అడ్డుకొని ఫిల్టరు గుండా పోయేటట్లు చేస్తాయి. కనుక చలి ముదరకముందే కలపాలి. మైనం పేరుకున్న తరువాత కలిపితే ఫలితం ఉండదు. కిరోసిను కలపడం పాత ఉపాయమే గాని, దానివల్ల పంపుకు అందవలసిన జారుడుతనం తగ్గుతుంది.

భారతీయ ప్రమాణాల ప్రకారం ఫిల్టరు మూసుకుపోయే ఉష్ణోగ్రత శీతాకాలపు డీజిలుకు 6 డిగ్రీల సెల్సియస్‌ను, వేసవి డీజిలుకు 18 డిగ్రీలను మించరాదు. లడఖ్ కోసం 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని ప్రత్యేక డీజిలును విడుదల చేసింది.

తెలుగునాట

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మైదానాలలో చలి మితంగానే ఉంటుంది కనుక అక్కడి వాహనాలకు, పొలాల్లోని ఇంజన్లకు సాధారణంగా సంకలితాల అవసరం రాదు. శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు లోయ చేరే వాహనాల సంగతి వేరు. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తగ్గడం కద్దు. వేసవిలో కొని నిల్వ ఉంచిన డీజిలుతో వెళితే ఫిల్టరు మూసుకుపోయే అవకాశం ఉంటుంది. శీతాకాలంలో తాజాగా కొన్న డీజిలు నింపుకోవడమే దీనికి తేలిక మార్గం.

ఈ రెండు జిల్లాల మెట్ట భూములలో పండే వేరుశనగ, డీజిల్ ఊహించిన ఇంధనాలలో ఒకటి. వంటనూనె ధర దృష్ట్యా ఆ ఊహ ఇక్కడ ఆచరణలోకి రాలేదు. వంటకు పనికిరాని కానుగ నూనెతో మాత్రం తెలుగునాట ప్రయత్నాలు జరిగాయి. అప్పటి ఆదిలాబాదు జిల్లా పవర్‌గూడలో కానుగ పెంచిన గిరిజన మహిళల నుండి, డీజిలుకు బదులు ఆ నూనె వాడకం వలన తగ్గే 147 టన్నుల కర్బన ఉద్గారాల హక్కును 2003లో ప్రపంచ బ్యాంకు కొనుగోలు చేసింది. ఓడ నుండి అదృశ్యమైన మనిషి కోరిక, తొంభై ఏళ్ళ తరువాత ఒక గోండు గ్రామంలో కొంతవరకు నెరవేరింది.