జైలు గోడ మీద రాముడు

నెగెటివ్ ఆలోచనలు వదలట్లేదా? ఒక్కసారి భక్త రామదాసు గారిని తలచుకోండి.

17వ శతాబ్దం. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించారు. ఆ సొమ్ము ఖజానాకు చేరలేదని తానీషా ఆయన్ని గోల్కొండ కోటలో బంధించాడు. 12 ఏళ్లు అంటారు.

అక్కడ ఆయన బాధను దాచుకోలేదు. ఏ నగకు ఎంతయిందో లెక్క చెప్పి మరీ రాముణ్ణి నిలదీశారు. తర్వాత నొచ్చుకుని, క్షమించమనీ ఆయన్నే అడిగారు. ఆ ఏడుపంతా కీర్తనలైంది. ఆయన చెక్కారని చెప్పే రాముడి బొమ్మ ఆ గది గోడ మీద ఇప్పటికీ ఉంది. చివరికి రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చారని భక్తుల నమ్మకం.

పాజిటివ్‌గా ఉండటమంటే బాధ లేనట్టు నటించడం కాదు, దాన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియడం. ఈ రాత్రి పడుకునే ముందు ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పేయండి.